రంగులేని కలం

పెన్ను మూత తీసి కాగితం మీద గీస్తే ఏమీ పడదు. ఇంకోసారి గట్టిగా రుద్దినా అంతే... కాగితం కాస్త తడిసినట్టు కనిపిస్తుంది, ఆరాక అదీ ఉండదు. ‘ఇదేదో ఇంకు అయిపోయిన పెన్ను’ అని పక్కన పడేయబోతారు ఇంట్లో పెద్దవాళ్లు. అప్పుడు ఏ పదేళ్ల పిల్లో దాన్ని అందుకుని, ముందే రంగు పూసి పెట్టుకున్న నెమలి ఈక అంచు నుంచి లోపలికి నాలుగు గీతలు లాగుతుంది. ముదురు నీలం లేతబడుతుంది. ఆ లేత నీలం మెల్లగా తెలుపులో కలిసిపోతుంది. ఇందాకటి దాకా బల్లపరుపుగా ఉన్న ఈకకి ఒక ఒంపు వస్తుంది, దాని మీద వెలుగు పడుతున్నట్టుంటుంది!

దీని పేరు బ్లెండర్ పెన్ను. ఇందులో రంగు ఉండదు. ఉన్న రంగును కరిగించి, పలుచన చేసి, పక్కకు నడిపించే ద్రవం మాత్రమే ఉంటుంది. కొన్నిటిలో అది ఆల్కహాల్, కొన్నిటిలో నీటితో చేసినది. రబ్బరు స్టాంపుతో కాగితం మీద ఓ పువ్వునో, పక్షినో అద్ది, లోపల రంగు నింపి, ఈ పెన్నుతో నీడలు దించడం ఇప్పుడు చాలామందికి ఇష్టమైన వ్యాపకం. పుట్టినరోజు కార్డులూ, పెళ్లి కానుకల మీద చీటీలూ ఇలా చేతితో తయారుచేసుకుంటున్నారు. ఆన్‌లైన్లో ఆర్డరిస్తే తెనాలికైనా, రేపల్లెకైనా ఈ సరంజామా అంతా ఇంటికే వచ్చేస్తుంది.

డబ్బా మీద విదేశీ పేర్లు ఉంటాయి కాబట్టి ఇదంతా అక్కడెక్కడో పుట్టిన కిటుకు అనిపిస్తుంది. కానీ అచ్చుతో గీతలు అద్ది, వాటి లోపల రంగులేని ద్రవంతో నీడలు దించే పని కృష్ణా నది సముద్రంలో కలిసే మన తీరంలో నాలుగొందల ఏళ్ల కిందటే నడిచింది. కాగితం బదులు నూలు గుడ్డ. రబ్బరు స్టాంపు బదులు కొయ్య అచ్చు. బ్లెండర్ పెన్ను బదులు వెదురు కలం. ఆ గుడ్డల కోసమే దేశదేశాల ఓడలు రేపల్లె దగ్గరి రేవు ముందు లంగరు వేశాయి.

నింపడం వేరు... నీడ దించడం వేరు

అచ్చులో పడిన గీతల బొమ్మకు రంగులు నింపడం తెలుగిళ్లకు కొత్త కాదు. తెనాలిలో పుట్టిన చక్రపాణి, నాగిరెడ్డితో కలిసి 1947 జూలైలో మద్రాసు నుంచి ‘చందమామ’ను తెచ్చారు. తెనాలివారే అయిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి, 1980లో కన్నుమూసే దాకా ఆ పత్రికను నడిపించారు. లోపలి పేజీల్లో చిత్రా, శంకర్ గీసిన గీతల బొమ్మలుండేవి. రాజుగారి కిరీటానికి పసుపు, రాకుమారి చీరకు ఎరుపు, అడవికి ఆకుపచ్చ... పెద్దవాళ్లు చూడకుండా కలర్ పెన్సిళ్లతో వాటిని నింపేసి తిట్లు తిన్న పిల్లలు ఇప్పుడు తాతయ్యలూ, అమ్మమ్మలూ అయ్యారు.

అలా నింపినప్పుడు ఒక్కటే లోటు. రంగు గీత దాటకుండా వచ్చేది కానీ బొమ్మకు నిండుదనం వచ్చేది కాదు. చీర అంతా ఒకటే ఎరుపు. మడత ఎక్కడుందో, వెలుగు ఎటు నుంచి పడుతోందో తెలియదు. ఆ తేడా చూపించాలంటే ఒకే రంగులో కనీసం రెండు మూడు ఛాయలు కావాలి. పైగా ఒక ఛాయ నుంచి ఇంకో ఛాయకు వెళ్లేటప్పుడు మధ్యలో గట్టు కనపడకూడదు. బ్లెండర్ పెన్ను చేసే పని సరిగ్గా ఇదే. కొత్త రంగు తేదు, ఉన్న రంగునే పలచబరిచి ఛాయలు పుట్టిస్తుంది.

దీనికో షరతు ఉంది. లోపల రంగును కరిగించే ద్రవం, బయటి గీతను కరిగించకూడదు. కరిగించిందా, నల్లగీత చెదిరి బొమ్మంతా మసకబారుతుంది. అందుకే ఆల్కహాల్ మార్కర్లు వాడేవాళ్లు ఆల్కహాల్‌కు లొంగని ఇంకుతో స్టాంపు వేస్తారు. నీటి మార్కర్లు వాడేవాళ్లు నీళ్లకు చెదరని ఇంకు ఎంచుకుంటారు. 1987లో జపాన్‌లో ‘కోపిక్’ మార్కర్లు వచ్చినప్పుడు డిజైనర్లు, బొమ్మల కథలు గీసేవాళ్లు వాటిని ఇష్టపడడానికి కారణం కూడా ఇదే. జిరాక్స్ తీసిన నల్లగీతల మీద వాటితో రంగు వేసినా ఆ గీత చెదరదు. ఆ పేరు కూడా ‘కాపీ’ అన్న మాటలోంచే వచ్చింది.

గీత చెదరకూడదు, రంగు గీత దాటకూడదు, లోపల మాత్రం ఛాయలు మారాలి. ఈ మూడు చిక్కులూ గుడ్డ మీద బొమ్మలు దించిన మన తీరం కళాకారులకూ ఎదురయ్యాయి. కాగితం కన్నా గుడ్డ మీద రంగు పాకడం ఎక్కువ. పైగా ఉతికినా పోకూడదు!

పెటపోలి రేవు

తెనాలిలో రేపల్లె రైలెక్కితే వేమూరు, భట్టిప్రోలు దాటి చివరి స్టేషన్ దాకా వరిచేలే తోడుగా వస్తాయి. రేపల్లెలో దిగి రోడ్డున సముద్రం వైపు వెళితే నిజాంపట్నం. ఇప్పుడది చేపల రేవు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక రేపల్లె, నిజాంపట్నం బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది.

ఐరోపావాళ్ల పాత కాగితాల్లో ఈ నిజాంపట్నం పేరు ‘పెటపోలి’. దగ్గర్లోని పెద్దపల్లి పేరును వాళ్లు అలా పలికారు. 1606లో డచ్చివాళ్లు ఇక్కడ వర్తక కేంద్రం పెట్టారు. 1611లో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ ఇక్కడికి వచ్చింది. అక్కడి నుంచి మచిలీపట్నం వెళ్లింది. మన తూర్పు తీరంలో ఇంగ్లిష్ కంపెనీ వర్తకం మొదలైంది ఈ రెండు రేవుల్లోనే. అప్పటికి మద్రాసులో కోట లేదు, కలకత్తా ఊసే లేదు.

వాళ్లకు కావలసింది గుడ్డలు. ఇండోనేసియా దీవుల్లో లవంగాలు, జాజికాయ కొనాలంటే అక్కడివాళ్లు బదులుగా అడిగేది మన తీరపు రంగు గుడ్డలనే. పర్షియాకు వెళ్లే సరుకు వేరు, ఐరోపాకు వెళ్లే సరుకు వేరు. పర్షియన్‌లో ‘కలం’ అంటే కలమే, ‘కారీ’ అంటే పని. గోల్కొండ నవాబుల కాలంలో ఆ రెండూ కలిసి ‘కలంకారీ’ అయింది.

1618 నుంచి నాలుగేళ్లు మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లిష్ వర్తకుడు విలియం మెథ్వోల్డ్ ఈ సీమ గురించి ఒక వివరణ రాశాడు. అది 1626లో లండన్‌లో అచ్చయింది. ఈ తీరపు బొమ్మల గుడ్డలంత నాజూకైనవి ఇంకెక్కడా లేవనీ, అందులో మేలైనవి పూర్తిగా కలంతోనే వేసినవనీ, ఎన్నిసార్లు ఉతికినా గుడ్డ ఉన్నంతకాలం రంగు ఉంటుందనీ అందులో చెప్పాడు. దానికి కారణం ఇక్కడ దొరికే ఒక వేరు అని కూడా రాశాడు.

పాలలో ముంచిన గుడ్డ

ఆ పని ఎలా చేసేవారో తెలుసుకోవాలని విదేశీయులకు ఒకటే ఆరాటం. తెలుగు నేర్చుకున్న ఫ్రెంచి మత గురువు కేర్దూ 1742లో తమ దేశానికి రాసిన లేఖలో అద్దకం పద్ధతిని దశలవారీగా వివరించాడు. ఆయన రాసిన దశల్లో చాలావరకు నేటి కళాకారులకూ తెలిసినవే.

ముందు నూలు గుడ్డలో గంజి పోయేదాకా ఉతుకుతారు. కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి, పిండి, ఎండబెడతారు. కరక్కాయలోని వగరు గుడ్డకు పట్టుకుంటుంది. మరి పాలెందుకు? అందులో వెన్న ఉంటుంది కదా... ఆ జిడ్డు వల్ల కలం పెట్టిన చోటే తడి ఆగుతుంది, పక్కలకు పాకదు. బ్లెండర్ పెన్ను వాడేవాళ్లు నున్నటి మందపాటి కాగితం కోసం వెతుకుతారే, మన అద్దకంవాళ్లు ఆ గుణాన్ని గేదె పాలతో గుడ్డకే తెప్పించారు.

తర్వాత గీతలు. పాత ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే ఒక ద్రవం తయారవుతుంది. కరక్కాయ పట్టించిన గుడ్డకు అది తగలగానే చిక్కటి నలుపు వస్తుంది. దాంతో గీతలు కలంతో గీయవచ్చు, లేదా టేకు కొయ్య మీద చెక్కిన అచ్చుతో అద్దవచ్చు. నలుపు ఒకసారి పట్టిందంటే తర్వాత ఎన్ని నీళ్లు తగిలినా చెదరదు. మొదటి చిక్కు అలా తీరింది.

ఇక అసలు సంగతి. ఎరుపు రావలసిన చోట కలంతో ఎరుపు రంగు పూయరు. పటిక నీళ్లు పూస్తారు. పటిక నీళ్లకు రంగు లేదు. ఎక్కడ పూశారో కంటికి ఆనడానికి అందులో ఏదో ఒక రంగు కాస్త కలుపుతారు కానీ అది తర్వాత పోయేదే. పటిక ఆరాక గుడ్డను పారే నీళ్లలో జాడించి, ఎర్రవేరు వేసిన రాగి కాగులో ఉడికిస్తారు. అప్పుడు చూడాలి! పటిక తగిలిన చోటల్లా ఎరుపు గుడ్డను పట్టుకుంటుంది. తగలని చోట పైపైన అంటిన మరక మాత్రమే ఉంటుంది. పేడ నీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరేసి, తడుపుతూ ఉంటే ఆ మరక పోయి గుడ్డ తెల్లబడుతుంది.

మరి నీడలు? పటిక నీళ్లు చిక్కగా ఉంటే ముదురెరుపు, పలుచగా ఉంటే గులాబీ రంగు. పటికలో ఇనుప నీళ్లు కలిపితే ఊదా. అన్నీ ఒకే కాగులో ఒకేసారి ఉడుకుతాయి. బయటికి తీసేసరికి ఒక పువ్వు రేకలోనే రెండు మూడు ఛాయలు! కళాకారుడు కలం పట్టుకున్నప్పుడు ఆ ఎరుపు కంటి ముందు లేదు. రేక మొదట్లో చిక్కటి పటిక, చివర్లో పలుచటి పటిక... రేపు కాగులోంచి ఏది ఎంత ఎర్రగా లేస్తుందో ఇవాళే లెక్కగట్టుకుని, రంగులేని నీళ్లతో నీడలు దించేవాడు.

ఆ కలం చూడడానికి చాలా మామూలుగా ఉంటుంది. వెదురు పుల్ల ఒక కొస చెక్కి, దానికి కాస్త పైన ఉన్నినో, గుడ్డ పీలికనో ఉండలా చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉండను ద్రవంలో ముంచి, వేళ్లతో ఎంత నొక్కితే అంత కిందికి దిగుతుంది. సన్న గీతకు మొనదేలిన కలం, లోపల నింపడానికి వెడల్పాటి కొస ఉన్న కలం. నేటి బ్లెండర్ పెన్నులో కూడా ఒక పీచు బత్తి ద్రవాన్ని పీల్చుకుని కొసకు పంపిస్తుంది. తేడా ఏమిటంటే, అందులో ధారను కంపెనీ నిర్ణయిస్తుంది, ఇందులో వేళ్లు నిర్ణయిస్తాయి.

ఇసుకలో ఎరుపు

ఆ కాగులో వేసే వేరే చిరివేరు. ఇంగ్లిష్ వాళ్లు ‘చే రూట్’ అన్నారు. చూస్తే గడ్డిలో గడ్డిలా కలిసిపోయే చిన్న మొక్క. సన్నటి కొమ్మలు, బుల్లి తెల్లపూలు. రంగంతా నేలలోకి దిగిన సన్నటి పొడుగాటి వేళ్లలోనే. కోరమాండల్ తీరపు మొక్కల మీద విలియం రాక్స్‌బర్గ్ 1795లో వెలువరించిన పుస్తకంలో దీని బొమ్మ, వర్ణన, దీంతో రంగు వేసే విధానం ఉన్నాయి.

ఈ మొక్కకు ఇష్టమైనది సముద్రం ఒడ్డు ఇసుక నేల. బాపట్ల దాటి సూర్యలంక వైపు వెళ్లేవాళ్లకు కాలి కింద తగిలే నేల అలాంటిదే. ఆ ఇసుకలో అరిగిపోయిన గవ్వలు, నత్తగుల్లల సున్నం కలిసి ఉంటుంది. చిరివేరులోని ఎరుపు పటికతో కలిసి నిగ్గు తేలడానికి ఆ సున్నం సాయపడుతుంది. కృష్ణ కలిసే ఈ తీరంలో తవ్విన వేరుకే మేలైన ఎరుపు అని పేరు రావడానికి అదే కారణమంటారు. పెటపోలి పేరు విదేశీ వర్తకుల లెక్క పుస్తకాల్లో ఎరుపుతో ముడిపడింది కూడా ఇందుకే.

మిగతా రంగుల్లో నీలానికి నీలిమందు, పసుపుకు కరక్కాయ పువ్వు, దానిమ్మ తొక్క లాంటివి. ఆకుపచ్చ విడిగా లేదు. నీలం మీద పసుపు పూస్తే ఆకుపచ్చ. ఆ పసుపు మాత్రం కాలానికి నిలవదు. అందుకే లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం లాంటి చోట్ల దాచిన మూడొందల ఏళ్ల నాటి మన గుడ్డల మీద చాలా ఆకులు ఇప్పుడు నీలంగా కనిపిస్తాయి. పసుపు వెలిసిపోయింది, నీలం మిగిలింది. పక్కనే ఎర్రపువ్వు మాత్రం నిన్న వేసినట్టు ఉంటుంది!

కలం జారిపోయింది

ఈ గుడ్డల మోజు ఐరోపాలో ఎంత పెరిగిందంటే అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. 1686లో ఫ్రాన్సు వీటిని నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా సాగింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, చాలక 1721లో ఇంకొకటి చేసింది. ఈలోగా అద్దకం పద్ధతిని నేర్చుకుని తమ దగ్గరే అచ్చు వేయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత యంత్రాలొచ్చాయి. 1868లో జర్మనీలో గ్రేబ్, లీబర్‌మన్ అనే శాస్త్రవేత్తలు చిరివేరు, మంజిష్ఠ జాతి వేళ్లలో ఎరుపునిచ్చే అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. ఇక ఇసుకలో వేళ్లు తవ్వాల్సిన పనిలేకపోయింది. డబ్బాలో వచ్చే ఎరుపు చవక, పైగా ఏడాది పొడవునా ఒకేలా ఉంటుంది. తవ్వేవాళ్లు వేరే పనులకు పోయారు. బాపట్ల సీమలో ఇవాళ చిరివేరు మొక్క కనపడినా అది రంగుల మొక్క అని గుర్తుపట్టేవాళ్లు అరుదు.

బాపట్లకు కూతవేటు దూరంలోని చీరాలదీ ఇదే కథ. అక్కడ ఒకప్పుడు నేసిన తేలియా రుమాళ్ల నూలును నూనెలో, బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి ఎరుపు పట్టించేవారు. గల్ఫ్ దేశాలకూ, ఆఫ్రికాకూ వెళ్లిన ఆ రుమాళ్లలో కూడా మొదట వేరు ఎరుపే ఉండేది. తర్వాత ఆ చోటు అలిజరిన్ ఆక్రమించింది.

ఎరుపు పోతే ఇంకో ఎరుపు వచ్చింది. కానీ కలం పోయిన చోటికి కలం రాలేదు. రేపల్లె నుంచి పెనుమూడి వారధి మీదుగా కృష్ణ దాటి, అవనిగడ్డ, మచిలీపట్నం మీదుగా వెళితే పెడన వస్తుంది. మచిలీపట్నం కలంకారీకి ఇప్పుడు ఊపిరి ఆ ఊరే. కరక్కాయ పాలు, పటిక, రాగి కాగులు, కాలవ నీళ్లలో జాడింపు... అన్నీ ఉన్నాయి. లేనిది కలమే. ఒకప్పుడు ఇక్కడ గీతల వరకు అచ్చుతో అద్ది, లోపలి రంగులు కలంతో నింపేవారు. చవగ్గా, త్వరగా, వందల మీటర్ల గుడ్డ కావాలనేసరికి ఒక్కో రంగుకూ ఒక్కో అచ్చు వచ్చింది. గీతలకొకటి, ఎరుపుకొకటి, పసుపుకొకటి. పేరులో ‘కలం’ మిగిలింది కానీ చేతిలో అచ్చు మిగిలింది.

దీన్ని తక్కువ చేయడానికి లేదు. అచ్చులు చెక్కేవాళ్ల పనితనం, గీత మీద గీత తప్పకుండా అద్దేవాళ్ల చేతివాటం చూసి తీరాల్సిందే. అచ్చు వల్లే ఆ దుప్పటి మామూలు ఇంటి మంచం మీదికి వచ్చింది, వేల కుటుంబాలకు అన్నం పెట్టింది. కానీ అచ్చు రంగును ఒకే మోతాదులో అద్దుతుంది. రేక మొదట్లో ముదురు, చివర్లో లేత అన్న తేడా దానికి రాదు. ఆ తేడా కలం పట్టిన వేళ్లలో ఉండేది. తరానికి తరం ఆ నొక్కుడు నేర్పకపోతే అది మ్యూజియం గుడ్డల మీద మాత్రమే ఉంటుంది.

కలం పూర్తిగా పోకుండా ఆగింది శ్రీకాళహస్తిలో. దేవుడి కథలు గుడ్డ మీద చేత్తో రాసే ఆ కళ కూడా ఒక దశలో ఆరిపోయేలా ఉండేది. 1950ల్లో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. జొన్నలగడ్డ లక్ష్మయ్య అక్కడ కుర్రాళ్లకు నేర్పారు. ఆయన కుమారుడు గురప్ప శెట్టి 2008లో పద్మశ్రీ అందుకున్నారు. పాఠం చెప్పేవాడొకడు, కూర్చుని నేర్చుకునేవాళ్లు నలుగురు... కలం నిలవడానికి అంతకన్నా పెద్ద యంత్రాంగమేమీ అక్కర్లేకపోయింది.

బల్ల మీద పాఠం

అందుకే పిల్లల చేతిలోని బ్లెండర్ పెన్నును ఆటవస్తువుగా కొట్టిపారేయనక్కర్లేదు. గీతల లోపల ఛాయ ఎలా మారాలో చూసే కన్ను, ఎంత నొక్కాలో తెలిసిన వేలు... ఈ రెండూ దాంతోనూ అలవడతాయి. మొదలుపెట్టేవాళ్లకు నాలుగు సూచనలు.

మందపాటి నున్నటి డ్రాయింగ్ షీటు తీసుకోవాలి. నోటుపుస్తకం కాగితమైతే రంగు గీత దాటి పాకుతుంది, వెనక్కి దిగుతుంది. కింద ఎందుకూ పనికిరాని కాగితం ఒకటి వేసుకుంటే బల్ల పాడవదు.

స్టాంపు వేశాక ఇంకు పూర్తిగా ఆరనివ్వాలి. స్టాంపు లేకపోతే నచ్చిన ముగ్గునో, మామిడి పిందె డిజైన్‌నో నల్లపెన్నుతో గీసి జిరాక్స్ తీయించినా సరిపోతుంది. అప్పుడు ఆల్కహాల్ మార్కర్లు వాడాలి. ఏ ఇంకుకు ఏ మార్కరు పనికొస్తుందో ముందు చిత్తు కాగితం మీద చూసుకోవడం మంచిది.

వెలుగు ఎటు నుంచి పడుతోందో ముందే అనుకోవాలి. ఎడమ పై నుంచి అనుకుంటే, ప్రతి రేకకూ కుడి కింది అంచులో నీడ. ఆ అంచున మాత్రం సన్నగా రంగు పెట్టాలి, రేకంతా నింపేయకూడదు. ఆల్కహాల్ మార్కరైతే ముందు బ్లెండర్‌తో ఆ జాగాను తడిపి, తర్వాత అంచున రంగు పెట్టి, మళ్లీ బ్లెండర్‌తో తెల్లటి వైపు నుంచి రంగు వైపుకు చిన్నచిన్న సున్నాలు చుట్టుకుంటూ రావాలి. నీటి మార్కరైతే అంచున పెట్టిన రంగును బ్లెండర్‌తో లోపలికి లాగాలి. నీడ చాలకపోతే ఆరాక ఇంకో పూత.

బ్లెండర్ కొసకు రంగు అంటుతుంది. కంగారు పడక్కర్లేదు. చిత్తు కాగితం మీద గీతలు గీస్తూ పోతే ఆ రంగు వదిలిపోయి మళ్లీ తెల్లబడుతుంది. ఇంకో రంగు మీదికి వెళ్లే ముందు ఇలా తుడవడం మరిచిపోతే పసుపు పువ్వులో నీలం దిగుతుంది. ఒక్కమాట... బ్లెండర్ రబ్బరు కాదు. గీత దాటిన రంగును అది చెరపదు, వెనక్కి నెడుతుంది, అంతే. కొన్ని రకాల పెన్నులకు ఘాటు వాసన ఉంటుంది కాబట్టి కిటికీ తీసి పెట్టుకోవాలి.

ఇంట్లోనే ఓ చిన్న కాగు

పటిక చేసే గమ్మత్తును కళ్లారా చూడాలనుకుంటే దానికీ దారి ఉంది. పెద్దవాళ్లు దగ్గరుండి చేయించాల్సిన పని ఇది. చిరివేరు దొరకదు కాబట్టి ఆయుర్వేద మందుల కొట్లో దొరికే మంజిష్ఠ పొడి వాడుకోవచ్చు. అది కాస్త నారింజ కలిసిన ఎరుపునిస్తుంది.

తెల్లటి నూలు చేతిరుమాలును గంజి పోయేలా ఉతకాలి. గుప్పెడు కరక్కాయ పొడి కలిపిన గ్లాసు నీళ్లలో గ్లాసు పచ్చి గేదె పాలు పోసి, రుమాలును అరగంట నానబెట్టి, పిండి, ఎండలో ఆరేయాలి. ఒక గ్లాసు వేడినీళ్లలో రెండు చెంచాల పటిక, ఇంకో గ్లాసులో అర చెంచా పటిక కరిగించాలి. రెండిట్లోనూ కాస్త తుమ్మ జిగురు కలిపితే పాకకుండా ఉంటుంది. చివర చెక్కిన వెదురు పుల్లతోనో, కుంచెతోనో పువ్వు రేక మొదట్లో చిక్కటి పటిక, కొసన పలుచటి పటిక పూయాలి. ఒకరోజు ఆరనిచ్చి, ధారగా పడే నీళ్ల కింద జాడించాలి.

వంటకు వాడని పాత గిన్నెలో నీళ్లు పోసి, నాలుగైదు చెంచాల మంజిష్ఠ పొడి వేసి, రుమాలును ముంచి, సన్నటి సెగ మీద ముప్పావుగంట ఉంచాలి. మొదట రుమాలు మొత్తం ఒకే రంగుగా కనిపించి ‘పాడైపోయింది’ అనిపిస్తుంది. తీసి ఉతికాక, పటిక పడిన చోట బొమ్మ తేలుతుంది. మొదట్లో ముదురు, కొసన లేత. మిగతా గుడ్డ మీది మరక ఎండలో తడిపి ఆరేస్తూ ఉంటే రోజురోజుకూ వెలిసిపోతుంది, బొమ్మ మాత్రం అలాగే ఉంటుంది.

ఆ రుమాలు పెడన దుప్పటి ముందు నిలబడదు. గీతలు వంకరగా ఉంటాయి, ఎరుపు అక్కడక్కడా చిందుతుంది. కానీ నిన్న పూసినప్పుడు ఏ రంగూ లేని నీళ్లు, ఇవాళ రెండు ఛాయల పువ్వయి పైకి తేలడం చూసిన పిల్లలు, ఈసారి అమ్మమ్మ పెట్టెలోంచి పాత కలంకారీ గుడ్డ బయటికి తీసినప్పుడు దాన్ని ఊరికే మడిచి పెట్టరు. ఎరుపు ఎక్కడ ముదిరిందో, ఎక్కడ లేతబడిందో వేలు పెట్టి వెతుకుతారు. అది అచ్చుతో అద్దిందా, కలంతో దించిందా అని అడుగుతారు.